గొలుసా, బెల్టా

మోకాళ్లు పట్టేశాక నాయనమ్మ ఆదివారం ఆరాధనకు వెళ్లడం మానేసింది. వసంత్ కుంజ్‌లో మేముండే ఇంటికి చర్చి దూరమేమీ కాదు, కాని చివర్లో ఎత్తు ఉంది. పాస్టరుగారు అప్పుడప్పుడు ఇంటికే వచ్చి ప్రభుభోజనం ఇచ్చేవారు. ఆమె తీసుకునేది, స్తోత్రం చెప్పేది, ఆయన వెళ్లగానే గోడవైపు తిరిగి పడుకునేది. అందరితోపాటు చర్చిలో బల్ల దగ్గర నిలబడి తీసుకోవాలన్నది ఆమె కోరిక.

ఆ చలికాలం అన్నయ్య బ్యాటరీతో నడిచే గో-కార్ట్ కడుతున్నాడు. ఇనుప గొట్టాలు, తుక్కు బజారులో దొరికిన మోటారు, నాలుగు చిన్న చక్రాలు. సరదాకి మొదలుపెట్టిన బండి. నాయనమ్మ కర్ర పట్టుకుని వచ్చి చూసింది.

"ఇది నన్ను చర్చిదాకా మోసుద్దంటరా?"

"పక్కా, నాయనమ్మా."

ఆ పూటే నేలబారు సీటు తీసేసి వంటింటి కుర్చీ బిగించాడు.

ఇక తగవంతా మోటారు బలాన్ని వెనక చక్రాలకు దేనితో అందించాలన్నదే. నాన్న సైకిలు గొలుసు అన్నారు. అన్నయ్య పిండిమరకు వేసే రబ్బరు బెల్టు అన్నాడు.

"గొలుసైతే ఒకటే గోల నాన్నా. మన తెలుగు ఆరాధనకి వెళ్లేసరికి చర్చిలో హిందీవాళ్ల ప్రార్థన ఇంకా నడుస్తూనే ఉంటుంది."

అమ్మ కూడా వాడివైపే. "ఆదివారం తెల్లచీర కట్టే మనిషి. గ్రీజంటితే ఏ సబ్బుకి పోద్ది?"

నేను బడి ఎరగను. భోజనాల బల్ల దగ్గర నాన్న చెప్పిందే నా చదువు. చక్రాల లెక్క ఆయన నాచేతే వేయించారు. మోటారు వైపు చిన్న చక్రం, ఇరుసు వైపు పెద్దది పెడితే వేగం తగ్గి లాగే బలం పెరుగుతుంది. బెల్టుకైనా గొలుసుకైనా ఆ లెక్క ఒకటే. ఏది గట్టిగా పట్టుకుంటుందో అందులో తేలలేదు.

బెల్టే వేశారు. శనివారం మధ్యాహ్నం ఎండలో, కుర్చీలో బియ్యం బస్తా పెట్టి నడిపితే ఎత్తు సునాయాసంగా ఎక్కింది. మర్నాడు పొగమంచు. బండి మొత్తం తడిసింది. ఎత్తు సగంలో మోటారు తిరుగుతూనే ఉంది, బెల్టు జారిపోతోంది. బండి నాయనమ్మతో సహా వెనక్కి దొర్లింది. నాన్నా నేనూ అడ్డం పడి ఆపాం.

నాయనమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "గొలుసే ఎయ్యండి," అంది.

"మరి చీరో?" అంది అమ్మ.

"నేనిట్టా ఎనక్కి పోతా ఉంటే, పాస్టరుగారు ఈ ఎత్తు దిగొచ్చి పట్టుకోవాలంటావా?"

నాన్న నవ్వు ఆపుకున్నారు. "ఠీక్ హై," అన్నాడు అన్నయ్య, కిందికి చూస్తూ.

పై ఆదివారం గొలుసు బండి ఊరంతా వినేలా ఎత్తు ఎక్కింది. హిందీ పాస్టరు ప్రార్థన మధ్యలో ఆగారు. వెనక వరుసలో ఒక ఆంటీ లేచి రెండు తలుపులూ బార్లా తీసింది. ఆయన ఆపిన చోటి నుంచి మళ్లీ అందుకున్నారు. మా తెలుగు ఆరాధన మొదలయ్యేదాకా నాయనమ్మ వెనకే కూర్చుంది. ప్రభుభోజనానికి పిలుపు రాగానే నా భుజం పట్టుకుని బల్లదాకా నడిచి, అక్కడ చెయ్యి తీసేసి, నిలబడి రొట్టె అందుకుంది.