కంప్యూటర్ల తగాదా

నేను కడపలో ఎకనామిక్స్ లెక్చరర్ని. సర్కారు కొనే కంప్యూటర్ల మీద దేశాల మధ్య వచ్చే తగాదాల గురించి ఏటా పాఠం చెప్తాను. పిల్లలు ఏటా ఆవలిస్తారు.

ఒకసారి ఎర్రగుంట్ల స్టేషన్లో నా పక్కన ముప్పై ఏళ్ల అమ్మాయి ఒకామె ఫోనులో ఇంగ్లీషు మాట్లాడి పెట్టేసింది. ఎదురుగా కూర్చున్న అవ్వ, "ఏం పని చేస్తాండావమ్మా?" అని అడిగింది.

"లాయర్నవ్వా. మన సర్కారు ఆఫీసులకు కంప్యూటర్లు కొంటాది గదా, ఈడ చేసినవే కొంటామంటాది. మావి గూడా కొంటామని మాటిచ్చినారు గదా అని బయటి దేశమోళ్లు కొట్లాడతాండారు. ఆ మాట కాగితాల్లో యాడుండాదో వెతికేది నా పని."

"ఇంతకీ ఇచ్చినామా మాట?"

"తగాదా దానిమీదే గదవ్వా," అని ఆ అమ్మాయి నవ్వింది.

ఇన్నేళ్లలో నా క్లాసులో ఎవరూ అడగని ప్రశ్న అది. నేను ఏటా గంటసేపు చెప్పేది రెండు ముక్కల్లో చెప్పేసిన ఆ లాయరు మీద నాకు అసూయ పుట్టింది. అంతలో ఆ అమ్మాయి నావైపు తిరిగి, "మీరేం చేస్తారు సార్?" అంది.

"సిమెంటు వ్యాపారం," అన్నాను.

ఇప్పుడా పాఠం ఆ అమ్మాయి మాటల్లోనే చెప్తున్నాను. పిల్లలు వింటున్నారు. బాగా చెప్పారు సార్ అని ఎవరైనా అంటే మాత్రం, తలెత్తకుండా హాజరు పిలవడం మొదలుపెడతాను.