మా మేనత్త ‘అట్లనా’

మిర్యాలగూడలో మా మేనత్త ఉండేది. ఎవరేం చెప్పినా తల ఊపుతూ “అట్లనా!” అనేది. నా మాటలు అంత ఓపికగా విన్నవాళ్లు ఇంకొకరు లేరు. కోదాడలోని నా దోస్తులైతే ఫోన్ ఎత్తడమే మానేశారు.

అందుకే ఖరీదైన ఇయర్‌ఫోన్లు రెండు జతలు పట్టుకుని ఆమె దగ్గరికే వెళ్లాను. లోపల పాటలోని డప్పు మోతకొక డ్రైవర్, అంటే బుల్లి స్పీకర్, గాజుల గలగలకు వేరే డ్రైవర్ ఉంటాయని పండితుడిలా వివరించాను.

“అట్లనా!” అంది.

ఏది ఏదో చూడకుండానే తేడా చెప్తానని కళ్లు మూసుకున్నాను. ఒకదాని తర్వాత ఒకటి ఫోన్‌కు తగిలించి ఇమ్మన్నాను. మొదటిసారి డప్పు గుండెకు తగిలింది. రెండోసారి గాజులు విడివిడిగా మోగాయి. ఆ తేడా మీద చాలాసేపే ఉపన్యసించాను. ఎంతకీ “అట్లనా” రాలేదు.

కళ్లు తెరిచి చూస్తే రెండో జత ఆమె చెవుల్లో ఉంది. దాని వైరు దేనికీ తగిలించకుండా ఒడిలో పడి ఉంది.

“ఇదేంది అత్తా?” అంటూ ఆమె చెవిలోంచి ఒకటి లాగాను.

“నీకు మల్ల మొదటిదే ఇచ్చిన అల్లుడా. ఇదే మస్తుగున్నది. నీ మాట ఒక్కటి గూడ ఇనవడ్తలేదు.”

“అట్లనా!” అన్నాను.