పులుసులో మందు వాసన

ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న ఏడాది మా అమ్మ నన్ను తనతో మిరపకాయల షెడ్డుకు లాక్కుపోయింది. తొంభైల చివరి మాట. చిలకలూరిపేట దాటాక రోడ్డువార రేకుల షెడ్డు అది. కళ్ళాల్లో ఎండిన కాయ బస్తాల్లో అక్కడికొచ్చేది. పాతికముప్పై మంది ఆడవాళ్ళం గోనెపట్టాల మీద వరసగా కూర్చుని తొడిమలు తీసి, తెల్లబడిన తాలుకాయలు వేరుచేసేవాళ్ళం. ముక్కుకీ నోటికీ పాత చీరముక్క కట్టుకున్నా ఘాటు ఆగేది కాదు. మొదటి వారం నేను తుమ్మిన తుమ్ములకు పక్కవాళ్ళు గంపలు అడ్డం పెట్టుకున్నారు.

"కొత్తల్లో అంతేలేవే. నాలుగేళ్ళు పోనీ, నీ ముక్కు కూడా చచ్చిద్ది. అప్పుడు హాయి" అని పాతవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

పని విషయంలో నేను శుద్ధ మొద్దుని. మా అమ్మ రెండు గంపలు నింపేసరికి నా గంప అడుగు ఇంకా కనబడుతూనే ఉండేది. నాకు వచ్చిందల్లా చదవడం. పేట బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల కొట్టు నుంచి డిటెక్టివ్ నవలలు తెచ్చుకుని, అన్నాల వేళ ఓ మూల కూర్చుని చదువుకునేదాన్ని. ఒకరోజు మా ముఠా మేస్త్రి అది చూసింది. ఆవిడది పెద్ద వయసు, అంతకన్నా పెద్ద గొంతు. "దీనికి చెయ్యి రాదు గానీ నోరొచ్చు. ఏమే, ఆ చదివేదేదో గట్టిగా చదువు. తలా ఒక దోసెడు దీని గంపలో వెయ్యండే" అని ఏర్పాటు చేసేసింది. అలా రోజూ మధ్యాహ్నం నేను చదువుతుంటే నా వాటా కాయ వాళ్ళు తీసేవాళ్ళు. అంత గొప్ప ఉద్యోగం నాకు మళ్ళీ దొరకలేదు.

ఆ పుస్తకాల్లో హత్యలన్నీ బంగళాల్లో జరిగేవి. తుపాకులు, నల్ల కోట్లు, మెట్ల మీద జారిపడిన శవాలు. మాకు భయం వేసేది కాదు. అటువంటి మెట్లు మా ఊళ్ళో ఎవరింట్లోనూ లేవు. మా భయం వేరే ఉంది. పత్తికి పురుగుపట్టిన ఆ రోజుల్లో మందు సీసా లేని ఇల్లు లేదు. చూరులో ఒకటి, మంచం కింద ఒకటి. పొద్దున్నే ఏ వీధిలోనైనా ఏడుపు వినబడితే "ఎవరు తాగారో" అనుకునేవాళ్ళం. మందు అంటే మనిషి తనంతట తాను తాగేదే. ఒకరు ఇంకొకరికి పోస్తారన్న ఊహే మా ఊరికి రాలేదు. వచ్చి ఉంటే పైకి ఎవరూ అనలేదు.

ఆ ఊహ పైకి అన్నది నేనే.

అద్దె పుస్తకాలకు చివరి పేజీలు ఉండవు. ఏ పాపాత్ముడో చింపేస్తాడు. ఆ వారం తెచ్చిన పుస్తకంలో భోజనం బల్ల దగ్గర ఒక ధనవంతుడు కుప్పకూలి చస్తాడు. హంతకుడి పేరు చెప్పబోయే చోట అట్ట మిగిలింది. అంతమంది నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే పేజీలు లేవని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. పుస్తకం అలాగే పట్టుకుని, చదువుతున్నట్టే నటిస్తూ సొంతంగా కల్పించేశాను. చంపింది డ్రైవరు కాదు, తమ్ముడు కాదు. వంటిల్లు చూసుకునే ఇల్లాలు. పత్తికి కొట్టే మందు రోజూ కాస్తకాస్త చింతపండు పులుసులో కలిపి పెట్టింది.

"బంగళావాళ్ళకి పత్తిమందు ఎక్కడిదే?" అంది మేస్త్రి.

"వాళ్ళకీ పొలాలుంటాయి గదత్తా!"

కాసేపు ఎవరి చెయ్యీ ఆడలేదు. తుపాకులకు అదరనివాళ్ళు పులుసుకు అదిరారు. నాకు ఒళ్ళంతా గర్వం.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే మా వీధిలోని అక్క నా పక్కకు వచ్చింది. వరసకు అక్క కాదు, అలా పిలిచేదాన్ని. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేది. పెళ్ళై పదకొండేళ్ళు, ఆ పదకొండేళ్ళూ ఈ షెడ్డులోనే. పిల్లల్లేరు. మొగుడికి రెండో పెళ్ళి చేస్తామని అత్త, చెయ్యనివ్వనని ఈవిడ, ఇది ఊరందరికీ తెలిసిన గొడవే. మొగుడు తాగొచ్చి కొడతాడనీ తెలుసు. ఆ మధ్య ఈవిడకు తరచూ వాంతులు, చెమటలు, కళ్ళు మసకలు. "ఇన్నాళ్ళకి కడుపు పండిందేమోనే" అని షెడ్డులో ఆటపట్టించేవాళ్ళు. ఆవిడ తల దించుకునేది.

"ఏమే, పులుసులో కలిపితే ఆ మందు వాసన వచ్చిద్దా?" అని అడిగింది.

రచయితను అడిగినట్టు అడిగిందని మురిసిపోయాను. "పులుపు వాసన కప్పేసిద్దక్కా" అన్నాను.

మర్నాడు మళ్ళీ వచ్చింది. "మరి తినేవాళ్ళకి నాలిక్కి తెలిసిద్దా?" ఆ మర్నాడు: "కొంచెం కొంచెం పెడితే ఎన్నాళ్ళు పట్టిద్దంటావు?"

మూడో ప్రశ్నకు తలెత్తి చూశాను. ఆవిడ దవడ మీద కమిలిన మచ్చ ఉంది. మొగుడి చెయ్యి అది. ఈవిడ ఆ మొగుణ్ణి చంపబోతోంది, ఎలా చంపాలో నేర్పింది నేను. ఈ రెండూ నాకు ఒక్కసారే తోచాయి. డిటెక్టివ్ పుస్తకాలు అన్ని చదివినదాన్ని, ఆ మాత్రం కనిపెట్టలేనా?

అక్కడి నుంచి నాకు తిండి లేదు, నిద్ర లేదు. పోలీసులు వచ్చి ఆ చివరి పేజీలు లేని పుస్తకం చేతిలో పెట్టి "ఈ ముక్క ఎక్కడుందో చూపించు" అంటారు. ఏం చూపించను? మా అమ్మ పులుసు పెడితే కంచం పక్కకు నెట్టాను. "నీకు కొవ్వు పట్టిందే" అని ఆవిడ తిట్టింది. మా అమ్మకు చెబితే షెడ్డు మాన్పిస్తుంది, నా చదివే ఉద్యోగం పోతుంది. భయంలో కూడా నాకు ఆ లెక్క తప్పలేదు, సిగ్గులేకుండా చెబుతున్నాను.

నాలుగో రోజు సాయంత్రం పాలకేంద్రం దగ్గర ఆ అక్క అత్త పాలక్యానుతో కనబడింది. మెత్తగా మాట్లాడే మనిషి. పక్కకు పిలిచాను.

"పెద్దమ్మా, మీ ఇంట్లో మందు సీసాలు కాస్త జాగ్రత్తగా పెట్టుకోండి."

"ఏమ్మా?"

"మీ కోడలు నన్ను వాటి సంగతే అడుగుతోంది. వాసన వచ్చిద్దా, ఎన్నాళ్ళు పట్టిద్ది, ఇట్టా."

ఆవిడ పాలక్యాను కింద పెట్టింది. కంగారు పడలేదు. "ఇంకెవరితోనన్నా అన్నావా?" అంది.

"లేదు పెద్దమ్మా."

"మంచిపని చేశావు తల్లీ. దానికి మనసు బాగుండట్లేదు. అఘాయిత్యం చేసుకుంటదేమోనని నాకూ బెంగగానే ఉంది. రేపు నలుగుర్లో అడిగితే, మందు సంగతి అదే అడిగిందని చెప్తావుగా?"

"చెప్తాను పెద్దమ్మా" అన్నాను. బరువు దిగిపోయింది. ఆ పూట రెండు కంచాల అన్నం తిన్నాను.

మర్నాడు అక్క పనికి రాలేదు. జ్వరమన్నారు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం, నేను పుస్తకం తెరవబోతుండగా, షెడ్డు గుమ్మంలో నిలబడింది. చేతిలో అన్నం కారియర్. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నన్ను చెయ్యూపి పిలిచి, ఘాటు లేని చోటికి, వెనక బోరింగు దగ్గరికి తీసుకుపోయింది. గట్టు మీద కారియర్ పెట్టి గిన్నె మూత తీసింది. పులుసు.

"వాసన చూడవే."

"ఎందుకక్కా?"

"నాకు ముక్కు లేదే. పెళ్ళయిన నాలుగో ఏటే చచ్చిపోయింది. మల్లెపూవు వాసన కూడా తెలీదు. నీది ఇంకా కొత్త ముక్కు గదా. చూడు."

వంగాను. పులుపు వచ్చింది, ఇంగువ వచ్చింది. వాటి కిందనుంచి, మా నాన్న పత్తికి మందు కొట్టి వచ్చిన రోజు చొక్కాకు వచ్చే వాసన వచ్చింది. ఆ చొక్కాను మా అమ్మ ఇంట్లోకి తేనిచ్చేది కాదు.

బోరింగు చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ అడిగిన ప్రశ్నలన్నీ నా చెవుల్లో మళ్ళీ మొదటినుంచీ మోగాయి. వాసన వచ్చిద్దా. నాలిక్కి తెలిసిద్దా. ఎన్నాళ్ళు పట్టిద్ది. పెట్టేవాళ్ళు అడిగే ప్రశ్నలనుకున్నాను. తినేవాళ్ళూ అవే అడుగుతారు. వాంతులు, చెమటలు, మసకలు నా కళ్ళ ముందే జరిగాయి. చంపేవాళ్ళ కోసం వెతికే కళ్ళకు చస్తున్న మనిషి కనబడలేదు.

"వచ్చింది గదా?" అంది.

తలూపాను.

"నువ్వు ఆ కథ చదివిన రోజే అనుమానం తగిలింది. మా అత్త కాచిన పులుసు తిన్ననాడే ఇట్టా అవుతోంది నాకు. పనికి పోతానని మొండికేసి ఇవాళ్టిది కారియర్లో పెట్టించుకొచ్చా. మొన్నటినుంచి మా అత్త పక్కనే కూర్చుని మరీ తినిపిస్తోంది. మందు గురించి అడుగుతున్నానని ఎవరో చెప్పారంట. మనసు బాగాలేక తాగబోతున్నానని వీధంతా చెప్పి ఏడుస్తోంది. ఎవరు చెప్పుంటారే?"

"నాకేం తెలుసక్కా" అన్నాను.

నేను చచ్చిపోతే బాగుండనిపించింది. రేపు ఈవిడ పోతే, తనంతట తానే తాగిందని నలుగురిలో సాక్ష్యం చెప్పాల్సింది నేను. ఆ ముసలామె నా చేత ముందే ఒప్పించుకుంది. అన్నం తిని అరిగించుకున్నాను కూడా.

మేస్త్రిని పిలుచుకొచ్చాను. ఆవిడ గిన్నె వాసన చూడబోయి, తన ముక్కూ చచ్చిందే కదా అని గుర్తొచ్చి, నా మొహం వంక చూసింది. ఇంకేం అడగలేదు. కుక్కో కోడో తింటుందని పులుసు గొయ్యి తీసి పూడ్చింది. కారియర్ బూడిదేసి మూడుసార్లు తోమించింది. ఏ పుస్తకంలోనైనా ఆ కారియర్ గుడ్డలో చుట్టి దాస్తారు. మేం హంతకురాలి వేలిముద్రలతో సహా తోమేశాం. అంతమందిలో ఒక్కరికి కూడా పోలీసు మాట నోటికి రాలేదు. ఆ మధ్యాహ్నమే అక్కను తనతో బస్సెక్కించి, చీరాలలో మగ్గం నేసుకునే వాళ్ళ అన్న ఇంట్లో దించి వచ్చింది మేస్త్రి. కట్టుబట్టలతో పోయింది అక్క.

అక్క అత్తగారింట్లో ఆ ఏడే కొడుక్కి ఇంకో పెళ్ళి జరిగింది. పాలకేంద్రం దగ్గర ఆ అత్త నన్ను చూసినప్పుడల్లా నవ్వేది. "మంచిపిల్లవమ్మా" అనేది. ఆ నవ్వుకు నా పైప్రాణాలు పైనే పోయేవి. పాలు పోయడానికి మా తమ్ముణ్ణి పంపడం మొదలుపెట్టాను. షెడ్డులో చదవడం మానేశాను. కళ్ళు నొప్పులని చెప్పాను. నా గంప నేనే నింపుకున్నాను, ఏళ్ళ తరబడి.

తొమ్మిదేళ్ళకు చీరాల స్టేషన్లో అక్క కనబడింది. ఒళ్ళు చేసింది, జుట్టు కాస్త నెరిసింది. నన్ను చూసి పరుగున వచ్చి వాటేసుకుంది. బెంచీ మీద కూర్చున్నాం. అన్న ఇంట్లోనే ఉంటున్నానని, మగ్గానికి నూలు కండెలు చుడుతున్నానని చెప్పింది. సంచిలోంచి డబ్బా తీసి మూత తెరిచింది. పులిహోర.

"మా అత్తకి ఎవరు చెప్పారో ఎప్పుడన్నా తెలిసిందటే?" అంది, మామూలుగా.

"తెలియలేదక్కా."

ఆవిడ నా వంకే చూసింది. "తిను" అని డబ్బా నా ఒళ్ళో పెట్టింది.

అప్పటికి నా ముక్కు చచ్చిపోయి మూడేళ్ళు. డబ్బాలో ఏముందో నా కళ్ళకు తెలుసు, ముక్కుకు తెలియదు. భయం వేసింది. ఇంత మంచి మనిషి పక్కన కూర్చుని భయపడ్డాను. ఆవిడ చూస్తూనే ఉంది. అత్తింట్లో ఆ చివరి రోజుల్లో తిన్న ప్రతి ముద్దా ఆవిడకు ఇలాగే ఉండి ఉంటుందనుకుని, కళ్ళు మూసుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

"నువ్వేనని అప్పుడే తెలుసులేవే" అంది ఆవిడ. "మా అత్తే నీ పేరు చెప్పింది. ఎప్పటికన్నా నీ నోటితో చెప్తావేమోనని చూస్తున్నా."

ఏడుపొచ్చింది. "తెలిసి కూడా ఆ కారియర్ నా దగ్గరికే ఎందుకు తెచ్చావక్కా?"

అదే డబ్బాలోంచి ఆవిడ ఒక ముద్ద తీసుకుని తింది.

"ఏం చెయ్యనే? షెడ్డు మొత్తానికి పనిచేసే ముక్కు నీ ఒక్కదానికే గదా."