తడి మెట్ల మీద అడుగు పెట్టకూడదు

సెంగా మెక్‌గ్లించీ కడిగిన మెట్లను చూసి, ఒకసారి వీధి తలుపులోంచి దూరిన సీగల్ పక్షి అది క్లైడ్ నది అనుకుని ముక్కుతో దూకింది. ముక్కు విరిగిందని చాలామందికి చెప్పాను. నిజానికి విరగలేదు. సిగ్గుపడి నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయింది, అంతే. సిస్టర్ల బడిలో చదివినవాణ్ణి, పక్షుల విషయంలో అబద్ధమాడను.

గ్లాస్గోలోని డెన్నిస్టన్ పేటలో మాది నాలుగంతస్తుల రాతి భవనం. అంతస్తుకు రెండేసి ఇళ్ళు, అందరికీ ఒకే మెట్లదారి. నూరేళ్ళ పైబడిన రాకపోకలకు మెట్లు మధ్యలో గిన్నెల్లా అరిగిపోయాయి. నేను రెండో అంతస్తులో ఉంటాను. సెంగా అన్నిటికంటే పైన, నలభై ఒక్క ఏళ్ళుగా అద్దెకు. వయసు డెబ్బై ఆరు. ఆసుపత్రి లాండ్రీలో పనిచేసి రిటైరయింది. ఇప్పటికీ ఎదుటివాడి చొక్కా కాలరు చూశాకే మొహం చూస్తుంది.

మా భవనంలో తాడు కట్టిన అట్టముక్క ఒకటి ఉండేది. ‘ఈ వారం మెట్లు కడిగే వంతు మీది’ అని దాని మీద రాసి ఉంటుంది. వంతు తీర్చినవాళ్ళు దాన్ని తరవాతి ఇంటి తలుపు పిడికి తగిలిస్తారు. ఏ అట్ట మీదా రాయని నియమం ఇంకొకటి ఉంది. తడి మెట్ల మీద అడుగు పెట్టకూడదు. ఆరేదాకా ఎవరైనా ఆగాల్సిందే. మా నాయనమ్మ పోయినప్పుడు శవపేటిక మోసేవాళ్ళు కూడా అరగంట ఆగారు. ఆ అరగంటలో లోపలినుంచి ఆవిడ రెండుసార్లు “ఆరిందా?” అని అడిగింది.

తరవాత పేట మారింది. మాంసం కొట్టు కాఫీ కొట్టయింది. పబ్బు పోయి, ఇటుకంత బరువున్న రొట్టెలమ్మే దుకాణం వచ్చింది. మూడో అంతస్తులో ఒక ఇల్లు ఇమోజెన్, కాలమ్ అనే కుర్ర జంట కొనుక్కున్నారు. వాళ్ళ తలుపుకు అట్ట తగిలిస్తే, ఇరుగుపొరుగు ఇచ్చిన కానుక అనుకుని ఫ్రేము కట్టించి హాల్లో గోడకు పెట్టుకున్నారు. పాత వస్తువులంటే వాళ్ళకు అంత ప్రేమ. అట్ట గోడెక్కింది, వంతులు ఆగిపోయాయి. సెంగా ఎవరినీ ఏమీ అనలేదు. ప్రతి శుక్రవారం పై మెట్టునుంచి వీధి గుమ్మందాకా తనే కడిగింది. ఆ పిల్లలకు చెప్పొచ్చు కదా అని నేను దెప్పితే, అట్ట చదవడం వచ్చినవాళ్ళకు మళ్ళీ నేనెందుకు చదివి వినిపించాలి అంది.

ఇంతలో సెంగా అద్దెకున్న ఇంటి యజమాని, ముసలి ట్వీడీ, పోయాడు. కొడుకు రోరీ ఉత్తరం రాశాడు. ఇల్లు అమ్మేస్తాడట. ఈ వయసులో ఆమె అన్ని మెట్లు ఎక్కడం కష్టమట, ఊరి చివర నేలమట్టంగా ఉన్న మంచి ఇల్లు చూస్తాడట. అమ్మకానికి పెట్టాలంటే ముందు సర్వేయరు వచ్చి ఇల్లు చూసి నివేదిక రాయాలి. ఆ తరవాత సెంగా ఖాళీ చేయాలి.

ఉత్తరం మడిచి సెంగా నాతో ఒక్క మాటే అంది. “ఒకసారి దిగితే మళ్ళీ ఎక్కనివ్వరయ్యా నన్ను.”

సర్వేయరును వెంటబెట్టుకుని రోరీ వచ్చింది శుక్రవారం. సెంగా ఎప్పటిలాగే కడుగుతోంది. నేను మెట్ల కమ్మీల మీదనుంచి చూస్తున్నాను. రోరీ మొదటి మెట్టు మీదికి కాలెత్తాడు. ఆ కాలు గాలిలోనే ఉండిపోయింది. మరి వాణ్ణి పెంచిన నాయనమ్మ సెంగా ఎదురింట్లోనే ఉండేది, తడి మీద కాలు పెడితే చీపురు తిరగేసేది. ఎడింబరో నుంచి వచ్చిన సర్వేయరుకు ఇవేం తెలుసు? అతను ముందుకు నడవబోతే రోరీ అతని కాలరు పట్టుకుని ఆపాడు.

“తడిగా ఉందయ్యా, కనపడ్డం లేదా?”

నలభై నిమిషాలు నిలబడ్డారు. సర్వేయరుకు వేరే పనుంది, వెళ్ళిపోయాడు.

నేను తిన్నగా ఇమోజెన్ తలుపు కొట్టి, గోడమీది ఫ్రేము కథ చెప్పాను. ఆ అమ్మాయి మెడ దాకా ఎర్రబడింది. ఆ సాయంత్రమే అట్ట ఫ్రేములోంచి బయటికొచ్చింది. మరుసటి మంగళవారం సర్వేయరుతో రోరీ మళ్ళీ వచ్చేసరికి ఇమోజెన్ మోకాళ్ళమీద కూర్చుని కడుగుతోంది. గురువారం కాలమ్. ఆపై వారం నేను. మూడు వారాలపాటు మా మెట్లు ఆరలేదు. నా గుమ్మం ముందు ట్రౌట్ చేప దొరికింది. చిన్నదే.

మేం ఎందుకు కడుగుతున్నామో సెంగాకు తెలిసింది. సంతోషిస్తుందనుకున్నాను. మమ్మల్ని ముగ్గురినీ గుమ్మంలో నిలబెట్టి, బడిలో సిస్టరు కూడా నన్నెప్పుడూ అననన్ని మాటలంది. మెట్లు కడిగేది శుభ్రం కోసం, మనిషిని ఆపడానికి కాదంది. తనే రోరీకి ఫోన్ చేసింది. “శనివారం రా నాయనా. మెట్లు పొడిగా ఉంటాయి.”

శనివారం రోరీ ఒక్కడే వచ్చాడు. మొత్తం మెట్లు ఎక్కేసరికి ఆయాసంతో మాట రాలేదు. తరవాతి సంగతి సెంగా నాకు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

“కూర్చో. నేను రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగుతాను. నువ్వేమో ఒక్కసారికే ఇలా అయిపోయావు. మెట్లు కష్టమని రాసింది ఎవరి గురించి?”

రోరీ టీ తాగాడు. తలుపు పిడికి అట్ట వేలాడుతుంటే చూశాడు. ఇది ఇంకా ఉందా అని అడిగాడు. చివరి రెండేళ్ళు నాయనమ్మ మోకాళ్ళు పనిచేయకపోయినా, వంతు ఏనాడూ తప్పలేదని చెప్పేదట. అదెలాగో తనకెప్పుడూ అర్థం కాలేదన్నాడు.

“అర్థం కావడానికేముంది? తెల్లారకముందే నేను కడిగేదాన్ని. ఆమె తలుపు తీసి, తనే కడిగినట్టు నిలబడేది. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.”

రోరీ లేచి పిడికున్న అట్టను చేతిలోకి తీసుకున్నాడు. తరవాత ఈ వారం వంతు ఎవరిదని అడిగాడు. తనదేనంది సెంగా. అతను కోటు విప్పి బకెట్ ఎక్కడుందన్నాడు.

ఆమె ఉన్నన్నాళ్ళూ ఇల్లు అమ్మనని రోరీ రాసిన ఉత్తరం మంగళవారం వచ్చింది. కానీ నాకు శనివారమే తెలుసు. పేపరు కొనుక్కుని తిరిగొచ్చేసరికి పైనుంచి బ్రష్షు చప్పుడు, దాని వెనకే సెంగా గొంతు వినిపించాయి.

“మూల వదిలేశావు నాయనా. మళ్ళీ రుద్దు.”

వీధి గుమ్మం దాకా తడే. బయట వాన. కాలరెత్తుకుని ఆ వానలోనే నిలబడ్డాను, ఆరేదాకా.