మధ్యాహ్నానికి బాగయ్యే ప్రింటర్

మెడ్రాసును చెన్నై అనడం ఇంకా మా నోటికి అలవాటు కాని రోజులు. వాషర్‌మెన్‌పేటలో మాది బట్టల టోకు అంగడి. ముందర అంగడి, వెనక ఇల్లు, రెంటికీ మధ్య ఆకాశం కనపడే ముట్రం. మా ఇంటి ఆడవాళ్ళు ఆ ముట్రం దాటి అంగట్లో కూర్చోవడమనేది లేదు. నేను బీకాం ముగించి, కంప్యూటర్ కోర్సు కూడా చేసి, బిల్లులు నేను వేస్తానని నాయన ప్రాణం తోడేశాను. చివరికి ఒప్పుకున్నాడు గానీ ఆచారం చెడకుండా ఒప్పుకున్నాడు. కంప్యూటరూ నేనూ ఇంటి గదిలో, ప్రింటర్ అంగట్లో, మధ్యలో ముట్రం మీదుగా పొడుగాటి కేబుల్. ఆయన అక్కడినుంచి సరుకు పేర్లు కేకేస్తే నేను ఇక్కడ కొట్టాలి, బిల్లు అక్కడ అచ్చుపడాలి. ఇంత తెలివి ఇంకెవరికొస్తుంది చెప్పండి!

బిగించిన సాయంత్రం ప్రింటర్ బ్రహ్మాండంగా పనిచేసింది. మర్నాడు పొద్దున నా తెర మీద ‘ప్రింటర్ ఆఫ్‌లైన్’ అని వచ్చింది. ఆపి వేశాను, వేసి ఆపాను, ప్లగ్గు పీకి పెట్టాను. ఊహూఁ. నాయన విసుక్కుంటూ బిల్లులు చేత్తోనే రాసిచ్చాడు. భోజనాల వేళకి, ఎవరూ తాకకుండానే, అంగట్లోంచి గర్రుమని చప్పుడు. పొద్దుటి బిల్లులన్నీ తీరిగ్గా అచ్చయ్యాయి. సరుకు కొన్నవాళ్ళు అప్పటికి ఊరు చేరి ఉంటారు.

రోజూ ఇదే తంతు. కంపెనీ మెకానిక్ మౌంట్ రోడ్డు నుంచి వచ్చేసరికి ఎప్పుడూ మధ్యాహ్నమే అయ్యేది. అప్పటికి ప్రింటర్ బుద్ధిగా పనిచేస్తుండేది. మెషిన్ లక్షణంగా ఉంది సార్, పాపే కొత్త అని నవ్వి, కాఫీ తాగి వెళ్ళిపోయేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

“దీపావళి గిరాకీ మొదలయ్యేలోపల ఇది సరిపడకపోతే తిరిగిచ్చేస్తా పాపా,” అన్నాడు నాయన. “నువ్వు ఇంట్లో ఏదో ఒకటి నేర్చుకుందువులే.”

ఆ ఏదో ఒకటి ఏమిటో నాకు తెలుసు. ఎంబ్రాయిడరీ. ఏడుపొచ్చింది. కానీ ఏడుపుకంటే, రోజూ మధ్యాహ్నానికి తనంతట తనే బాగయ్యే జబ్బు ఏమై ఉంటుందా అన్న ఆరాటం ఎక్కువగా ఉండింది. దాన్ని కనిపెట్టకుండా వదిలేస్తే అన్నం సయించేట్టు లేదు.

గమనించడం మొదలుపెట్టాను. కరెంటు తగ్గడమా? ఫ్యాన్ ఎప్పటిలాగే తిరుగుతోంది. ఎండ బాగా కాసిన రోజు తొందరగా బాగవుతోంది. మబ్బు పట్టిన రోజు సాయంత్రం దాకా మూగనోము. సరే, ఎండకీ దీనికీ ఏదో ఉంది అనుకున్నాను. అంతలో ఒకరోజు తెల్లవారుతూనే వాన పట్టుకుంది. ఇవాళ ఇక రోజంతా ఇంతే అని కూర్చుంటే, మొదటి బిల్లు నుంచీ గర్రుగర్రుమని పడుతూనే ఉంది! నాకు మతిపోయింది. లేచి వసారాలోకి వచ్చి నిలబడ్డాను. అక్కడ ఏదో తడిగా తలకి తగలబోయింది.

“తాకొద్దు, తాకొద్దు! మడి!” అని అరిచింది అవ్వ, అంటే నాయన తల్లి.

అవ్వ మడిచీర. తొమ్మిది గజాలది. ఎవరూ తాకకుండా రోజూ పొద్దున్నే పొడుగు కర్రతో ముట్రం మీద ఎత్తుగా ఆరేస్తుంది. పుట్టినప్పటినుంచీ అది అక్కడ వేలాడటం చూసి చూసి నా కంటికి ఆనడమే మానేసింది. ఇవాళ వాన అని వసారాలో వేసింది. తలెత్తి చూశాను. ముట్రం మీద నా కేబుల్ ఒక్కటే, ఖాళీగా, వానలో తడుస్తోంది.

మర్నాడు ఎండ కాసింది, తెర మీద ‘ఆఫ్‌లైన్’ వచ్చింది. ఆ చీర కొంచెం ఎత్తమని అవ్వను బతిమాలాను. అవ్వ కర్రతో ఎత్తింది. అంగట్లో గర్రుమంది. దించింది, ఆగిపోయింది. తడిచీర బరువుకి కేబుల్ ప్రింటర్‌లో దూర్చిన చోట లాక్కుని ఊడొస్తోంది. చీర ఆరి తేలికైతే అతుక్కుంటోంది. అవ్వకు భలే సరదా పుట్టి ఇంకా రెండుసార్లు ఎత్తి దించింది. ఏం జరుగుతోందని నాయన పరిగెత్తుకొచ్చాడు.

“ఆడ నా వెదురు దండెం ఉండె గదరా,” అంది అవ్వ. “దాన్ని తీసేసి ఎవురో తీగ కట్టినారు. నువ్వే నాకోసరం కొత్తది కట్టించినావనుకున్యా.”

నాయన మొహం చిన్నబోయింది. “నీ దండెం నీకు కట్టించేస్తాలేమ్మా. తీగ ఇంకో పక్కనుంచి లాగిస్తా.”

“లాగించు. ఆడ కూడా ఏదో ఒకటి ఆరేస్తా.”

నాయనా నేనూ ఇద్దరం అవ్వ వైపు చూశాం.

“పిల్లను ఈడ దాచిపెట్టేదానికి అంత పొడుగు తీగ యెందుకురా? మిషను ఆడుంది, పిల్లను ఆడికే పిలుచుకో.”

“అంగడికి నలుగురూ వస్తా పోతా ఉంటారు గదమ్మా.”

“గుడ్డలు కొనేదానికి వస్తారు. దాన్ని కొరుక్కుతినేదానికి వస్తారా?”

నాయన అవ్వ చేతిలో కర్రను చూసి అంగట్లోకి నడిచాడు.

దీపావళి గిరాకీకి ముందే అంగట్లో ప్రింటర్ పక్కన నాకొక బల్ల పడింది. కేబుల్ మూరెడు చాలింది. ముట్రం మీద మిగిలినదాన్ని, అది తన దండెమని, అవ్వ విప్పనివ్వలేదు. మొదటిరోజు పొద్దున చీర ఆరేసి, మడి గనక ఎవరినీ తగలకుండా అంగడి వెనక గడప దగ్గర నిలబడింది.

“ఏమే, మిషను పలుకుతా ఉందా?”

అంగట్లో ఉన్న బేరగాళ్ళందరూ తిరిగి చూశారు. నాయన తల వంచుకుని గుడ్డ కొలుస్తున్నాడు.

“పలుకుతా ఉందవ్వా,” అన్నాను, అందరికీ వినపడేట్టు.