మూత తీయని కెమెరాకు దొరికిన దొంగ

నాకు నక్షత్రాల ఫోటోల పిచ్చి ఉండాదని మీకు తెలుసు కదా. షట్టర్ చానాసేపు తెరిచిపెడితే లోపల సెన్సార్ వేడెక్కి, ఫోటో నిండా ఎర్ర చుక్కలు, పచ్చ చుక్కలు పడతాయి. మన తిరుపతి ఎండల్లో అయితే చెప్పనే అక్కర్లేదు. చల్లగా ఉంటే ఎంత తగ్గుతాయో చూద్దామని, ఈ పొద్దు వెలుతురు పడకుండా కెమెరాకు మూతేసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఫ్రిజ్‌లో దోసెపిండి పక్కన పెట్టి బజారుకు పోయినాను. ఐదు నిమిషాలకొక ఫోటో అదే తీసుకుంటా ఉంటుంది.

మధ్యాహ్నం చూస్తే ఫోటోలన్నీ నల్లగా, శుభ్రంగా ఉండాయి. పదకొండున్నరప్పుడు తీసిన రెండింట్లో మాత్రం చుక్కలే చుక్కలు. అంటే అప్పుడు ఫ్రిజ్ తలుపు చానాసేపు తెరిచే ఉండింది. ఆ టైంలో ఇంట్లో ఉండింది మా నాయన ఒక్కడే. షుగరని డాక్టరు ఆయనకు తీపి మాన్పించినాడు. ఫ్రిజ్‌లో పొద్దున నిండుగా ఉన్న పాలకోవా డబ్బా ఉండాది.

"పాలకోవా తిన్నావా నాయనా?" అని ఆ ఫోటోలు చూపించి అడిగినాను.

"మూతేసిన కెమెరాలో నేను యాడ కనపడినానురా?"

"నువ్వు కనపడలా. నువ్వు తలుపు తీస్తే లోపలికి పోయిన వేడి కనపడింది."

నాయన కళ్లద్దాలు పెట్టుకుని ఆ చుక్కలనే కాసేపు చూసినాడు.

"ఎన్ని ముక్కలు తిన్నానో ఇందులో తెలుస్తాదా?"

"తెలీదు."

"అయితే ఒకటే తిన్నా."

డబ్బాలో మిగిలింది కూడా ఒకటే. తక్కినవి పట్టుకోవాలంటే కెమెరాలో ఏ సెట్టింగ్ పెట్టాలో, తెలిసినోళ్లు చెప్పండప్పా.