ప్రపై టీచరు నేర్పని మర్యాద

ఒకటో తరగతి ఇక నీది కాదని బడి డైరెక్టరు థవిల్ చెప్పినప్పుడు ప్రపై టీచరు ఆయన బల్ల ముందు నిలబడి ఉంది. కూర్చోమని కూడా అనలేదు ఆ మనిషి. ఇరవై ఆరేళ్ళుగా ఆ బడిలో చిన్నపిల్లలకు ఇంగ్లీషు చెప్పింది ఆవిడే. థాయిలాండులో ఫ్రే పట్టణానికి ఆనుకుని ఉన్న ఆ ఊళ్ళో సగంమంది చేత ఏబీసీడీలు దిద్దించింది ఆవిడే. ఈ డైరెక్టరు కొడుకు చేత కూడా.

"కెనడా నుంచి ఒక అమ్మాయి వస్తోందక్కా. తెల్ల టీచరు కావాలని తల్లిదండ్రులు నా ప్రాణం తీస్తున్నారు, నన్నేం చెయ్యమంటావు? నువ్వు వెనక కూర్చుని పిల్లలు అల్లరి చెయ్యకుండా చూసుకో. బడి తెరవడానికి పది రోజులుంది కదా, ఈలోపు ఆ పిల్లకి మన పద్ధతులన్నీ నేర్పెయ్."

"మిగతా తరగతులన్నీ ఆవిడకే ఇచ్చుకోండి. ఒకటో తరగతి మాత్రం నాకుంచండి."

"చూద్దాంలే. ముందు ఆ పిల్లని ఎలా తయారుచేస్తావో చూసి, అప్పుడు మాట్లాడుకుందాం."

ప్రపై టీచరు చేతులు జోడించి బయటికొచ్చింది. వరండాలో లెక్కల టీచరు బువలై విషయమంతా విని పకపకా నవ్వింది.

"పిల్ల బాగా తయారైతే నీ తరగతి పోయినట్టే. సరిగ్గా తయారవకపోతే నీ పరువు పోతుంది. మన డైరెక్టరు గట్టివాడే అక్కా."

"నవ్వు, నవ్వు. రేపు లెక్కలకి కూడా ఒకడిని దింపుతాడు, అప్పుడు నేనూ నవ్వుతాను."

వచ్చిన అమ్మాయి పేరు టెస్సా. ఇరవై మూడేళ్ళు. నాలుగు వారాలు ఎక్కడో ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో చదివి, విదేశాల్లో పిల్లలకు ఇంగ్లీషు చెప్పొచ్చని ఒక కాగితం సంపాదించింది. ఆ కాగితం ముందు ప్రపై టీచరు ఇన్నేళ్ళ చాకిరీ ఎందుకూ కొరగాకుండా పోయింది. పోనీ పొగరుమోతు పిల్లా అంటే అదీ కాదు. చెప్పినదల్లా పుస్తకంలో రాసుకునేది, గుమ్మం బయటే చెప్పులు విప్పేది, వద్దన్నా కప్పులు కడిగేది. తిట్టుకోవడానికి ఒక్క వంక దొరికితే ప్రపై టీచరు ప్రాణం కాస్త కుదుటపడేది. అదీ దొరకలేదు.

పది రోజులూ ఇద్దరూ ఖాళీ తరగతి గదిలోనే గడిపారు. పిల్లల తల మీద చెయ్యి వెయ్యకు, పాదం ఎవరి వైపూ చాపకు, పిలిచేటప్పుడు అరచెయ్యి కిందికి పెట్టి పిలువు, పెద్దలు కూర్చుని ఉంటే వాళ్ళ ముందు నుంచి నడుం వంచి నడువు. చిన్నవాళ్ళు ముందు దణ్ణం పెడతారు, తర్వాతే నువ్వు. అన్నీ విసుగ్గానే చెప్పింది గానీ, చెప్పినవన్నీ నిజాలే. తన చేత్తో గీసి, రంగులు వేసి, అంచులు చిరిగితే టేపు అంటించుకుంటూ దాచుకున్న బొమ్మల అట్టలు కూడా ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"ఇవి ఎంత బాగున్నాయో. ఈ గేదె బొమ్మ మీరే గీశారా?" అంది టెస్సా.

"ఇంకెవరు గీస్తారు, డైరెక్టరా?"

ఆ పిల్ల నవ్వింది. ప్రపై టీచరు నవ్వలేదు.

బడి తెరిచాక వెనక బెంచీ మీద కూర్చోవడమంటే ఏమిటో ఆవిడకు తెలిసొచ్చింది. చెట్టంత మనిషి, ఆరేళ్ళ పిల్లల బెంచీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, తన అట్టలతో తన పాఠాన్ని ఇంకొకరు చెబుతుంటే చూడాలి. కొత్త మాట మొదటిసారి నోట్లోకొచ్చినప్పుడు ఆ పిల్లల మొహాలు వెలుగుతాయి చూశారూ, ఆ వెలుగు కోసమే ఆవిడ ఈ ఉద్యోగంలో ఉంది. ఇప్పుడు ఆవిడకు కనబడేవి వాళ్ళ వీపులు.

జూన్‌లో గురుపూజ రోజు దగ్గరపడింది. ఆ గురువారం ఉదయం టీచర్లంతా వేదిక మీద కుర్చీల్లో కూర్చుంటారు. తరగతికొకరు చొప్పున పిల్లలు మోకాళ్ళ మీద నడుచుకుంటూ వచ్చి, గరిక, వంకాయ పువ్వులు, నూరువరహాల పువ్వులు, పేలాలు పేర్చిన పళ్ళెం అందించి, నేలకు తల ఆనించి దణ్ణం పెడతారు. ఒకటో తరగతి తరపున నమ్‌వా అనే పిల్లను ప్రపై టీచరే ఎంపిక చేసింది. నమ్‌వా అంటే ఒక రకం అరటిపండు, ఇంట్లో పెట్టుకున్న ముద్దుపేరు. బుద్ధిమంతురాలు. రెండు వారాలు ఖాళీ కుర్చీ ముందు సాధన చేసింది. టీచరు కంటే నీ తల కిందే ఉండాలి, ఏమైనా సరే కిందే ఉండాలి అని ప్రపై టీచరు ఆ పిల్లకు వందసార్లు చెప్పి ఉంటుంది.

ముందురోజు మధ్యాహ్నం కుర్చీల జాబితా వచ్చింది. ముందు వరుసలో డైరెక్టరు పక్కన టెస్సా. ఆఖరి వరుసలో, ఫ్యాను గాలి తగలని మూల, ప్రపై. ఆ కాగితం చూడగానే ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. సరిగ్గా అప్పుడే వచ్చింది టెస్సా, పుస్తకం చేత పట్టుకుని.

"ఒక్క సంగతి చెప్పండి. అంత చిన్న పిల్ల నా ముందుకి మోకాళ్ళ మీద రావడం నాకు ఇబ్బందిగా ఉంది. నేను కుర్చీ దిగి, తనతో సమానంగా నేల మీద కూర్చోవచ్చా?"

కూడదు. టీచరు దిగితే పిల్ల ఇంకా దిగాలి. ఈ ఊళ్ళో నాలుగేళ్ళ వాడికి కూడా తెలుసు ఆ మాట. ప్రపై టీచరు జాబితా వైపు మరొకసారి చూసింది.

"నీ ఇష్టం. నీకెలా తోస్తే అలా చెయ్యి," అంది.

రేపు అందరి ముందూ తలొంచుకోనీ, ఆ నాలుగు వారాల కాగితం విలువ డైరెక్టరుకూ తెలియనీ అనుకుంది. ఆ రోజంతా ఆవిడకు అదో పాడు సంతోషం.

గురువారం నమ్‌వా వేదిక ఎక్కింది. మోకాళ్ళ మీద ఒద్దికగా, పళ్ళెం తొణక్కుండా వచ్చింది. టెస్సా ఆ పిల్లను చూసి ప్రేమగా నవ్వి, కుర్చీ దిగి మోకాళ్ళ మీద కూర్చుంది. నమ్‌వా బిత్తరపోయింది. టీచరు తలా తన తలా ఒకే ఎత్తులో ఉన్నాయి. నేర్పినట్టే నడుం వంచింది. టెస్సా పిల్ల మొహం చూడాలని తనూ వంగింది. పిల్ల మోచేతులు నేలకు ఆనించింది. టెస్సా ఇంకా వంగింది. చివరికి నమ్‌వా పళ్ళెం తలపైకెత్తి అందించబోతూ, నేల మీద బోర్లా పడుకుంది. పళ్ళెం ఒరిగింది. పేలాలు, పువ్వులు వేదికంతా చెల్లాచెదురయ్యాయి. పిల్ల నేలను కరుచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

హాలంతా చప్పట్లు. అవును, చప్పట్లు. తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తారు. "ఎంత వినయం, తెల్లపిల్ల అయినా నేల మీద కూర్చుంది చూడు," అని ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. ఏడుస్తున్న పిల్లను ఒక్కరూ చూడలేదు. ప్రపై టీచరు లేవబోయింది గానీ, ముందున్న మూడు వరుసలు దాటి వెళ్ళడానికి దారి లేదు.

పూజ అయ్యాక డైరెక్టరు వెలిగిపోతూ వచ్చాడు.

"అదరగొట్టావక్కా. ఆ పిల్లకి అంత అణకువ ఎలా నేర్పావు? ఇక ఏటా కొత్తవాళ్ళని తయారుచేసే పని నీదే. ఒకటో తరగతి గొడవ ఇంక నీకెందుకు?"

"నేను నేర్పలేదు. అడిగితే కావాలనే దాచాను. ఒళ్ళు మండి దాచాను."

డైరెక్టరు పక్కనున్న వాళ్ళకేసి తిరిగి నవ్వాడు. "చూశారా, పొగిడితే ఒప్పుకోదు. గురువుకి తగ్గ శిష్యురాలు." ఆ మనిషి చెంప పగలగొట్టాలనిపించింది ఆవిడకు. అంతకు రెండింతలు తన చెంప పగలగొట్టుకోవాలనిపించింది.

టెస్సా ఎర్రబడ్డ కళ్ళతో వచ్చింది. "ఆ పిల్ల ఎందుకేడ్చింది? నేనేం చేశాను?"

ప్రపై టీచరు ఉన్నదున్నట్టు చెప్పింది.

"నేను మిమ్మల్ని అడిగాను," అంది టెస్సా. "నా మీద కోపముంటే నన్ను తిట్టాల్సింది." పుస్తకం అక్కడే బల్ల మీద పడేసి వెళ్ళిపోయింది.

నమ్‌వా కుళాయి దగ్గర మొహం కడుక్కుంటోంది. గౌను నిండా వేదిక మీది దుమ్ము.

"నేను వంగాను టీచర్. ఆవిడ దిగారు, నేనింకా వంగాను. ఆవిడ మళ్ళీ దిగారు. ఇంక కిందికి చోటు లేదు టీచర్."

"నీ తప్పేం లేదమ్మా. తప్పు నాది. ఆ టీచరుకి చెప్పాల్సింది చెప్పలేదు. కోపంతో చెప్పలేదు."

పిల్ల తడి మొహంతో ఆవిడకేసి అనుమానంగా చూసింది. తనను ఊరుకోబెట్టడానికే అంటోందనుకుంది.

"టీచర్లు అలా చెయ్యరు," అంది. "వచ్చే ఏడు ఇంకా బాగా వంగుతాను. ఇంటి దగ్గర రోజూ చేస్తాను."

చేతులు జోడించి, నడుం వంచి, ఆవిడ ముందు నుంచి మెల్లగా వెళ్ళిపోయింది. ఆ వంగడం నేర్పింది ప్రపై టీచరే.